చలికి తెల్లబడు వ్రేళ్లు

మన హోసూరు సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్య మాసములందు బడిగంట మ్రోగువేళకు చలి యింకను విడువదు. అట్టి యొక యుదయమున ఎనిమిదవ తరగతి బాలిక యొకతె వ్రాతపని ముగింపకుండుట చూచి, సోమరితనమని యెంచి మేము గట్టిగా మందలించితిమి. ఆమె కంట నీరు పెట్టుకొని, “అయ్యా, వ్రేళ్లు నావి కానట్లున్నవి, కలము నిలుచుట లేదు” అని చేతులు చాపినది. రెండు చేతుల వ్రేళ్లును కొనలయందు సున్నము పూసినట్లు తెల్లబడి యుండెను. మేము సిగ్గుపడితిమి. అటుపిమ్మట వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న విషయములను తల్లిదండ్రుల యుపయోగార్థము ఇచట వ్రాయుచున్నాము.

చలి తగిలినప్పుడు ఎవరి చేతులైనను చల్లబడును. లోపలి యవయవముల వెచ్చదనమును కాపాడుకొనుటకై శరీరము చర్మమునకు పోవు సన్నని రక్తనాళములను కొంత బిగించును. ఇది ప్రకృతి ధర్మము. కొందరియందు ఈ బిగింపు మితిమీరి, వ్రేళ్లకు రక్తము కొంతసేపు అందకపోవును. ఫ్రెంచి వైద్యుడు మోరిస్ రేనో 1862లో దీనిని వివరించెను గనుక దీనికి ఆయన పేరే నిలిచినది.

దీని ముఖ్యలక్షణము రంగులు మారుట. రక్తము అందనప్పుడు వ్రేలు తెల్లబడును. నిలిచిన రక్తములోని ప్రాణవాయువు తరిగినప్పుడు నీలమగును. రక్తము మరల వచ్చినప్పుడు ఎఱ్ఱబడి, సూదులతో పొడిచినట్లు మండును. మూడు రంగులును అందరియందు కానరావు. చామనచాయ, నలుపు చర్మముగల మనవారిలో తెలుపు స్పష్టముగా తెలియకపోవచ్చును గనుక, అఱచేతి వైపును, గోళ్లను చూడవలెను. చలియే గాక, భయము, మనస్తాపము కూడ దీనిని రేపగలవు. ఆనాటి మా మందలింపు ఆ బాలిక బాధను హెచ్చించియుండును.

తల్లిదండ్రులు గమనింపవలసినవి కొన్ని గలవు. రంగు మారునా, లేక తిమ్మిరి మాత్రమే కలదా? రెండు చేతులకు వచ్చునా, ఒక చేతికేనా? వెచ్చబడిన తరువాత ఎంతసేపటికి సర్దుకొనును? పుండ్లు, కీళ్లనొప్పులు, చర్మము బిగిసిపోవుట గలవా? ఏవైన మందులు వాడుచున్నారా? ఈ వివరములను కాగితముమీద వ్రాసి, వీలైనచో తెల్లబడిన వేళ ఫోటో తీసి వైద్యునకు చూపవలెను. వైద్యుని యొద్దకు పోవునప్పటికి చేయి మామూలు రంగునకు వచ్చియుండుట సాధారణము. ఇంటియొద్ద మంచునీటిలో చేతులు ముంచి పరీక్షింపరాదు. దాని వలన బాధయే గాని నిశ్చయము కలుగదు.

యౌవనమున మొదలై, రెండు చేతులకు సమానముగా వచ్చి, వెచ్చబడగానే పోవునది తఱచు హానిలేనిదే. స్త్రీలయందు ఇది హెచ్చు. అయినను పిల్లలకు వచ్చినప్పుడు ఒకసారి వైద్యునకు చూపుట మేలు. ముప్పది యేండ్లు దాటిన పిమ్మట మొదలైనను, ఒక ప్రక్కనే వచ్చినను, వ్రేలికొనను పుండు పడినను ఉపేక్షింపరాదు. చర్మమును, కీళ్లను పట్టు కొన్ని వ్యాధులకు ఇది ముందు గుర్తు కావచ్చును. వైద్యులు గోటిమొదటి చర్మములోని సన్నని నాళములను పెద్దవిగా చూపు అద్దముతో పరిశీలించి, రక్తపరీక్ష చేసి, భేదము తెలిసికొందురు.

మన తండ్రులలో పలువురు ఇచటి కర్మాగారములలో పనిచేయువారు. వారికొక మాట. గ్రైండింగు మెషీను, డ్రిల్లు వంటి అదరు పనిముట్లను ఏండ్ల తరబడి పట్టువారికి కూడ వ్రేళ్లు తెల్లబడును. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున గాలి యొత్తిడితో నడచు సుత్తెలు వాడు రాతిపనివారియందు ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు 1918లోనే దీనిని కనుగొనెను. ఉలి పట్టు ఎడమచేయియే హెచ్చుగా బాధపడినది. అట్టి గుర్తు కనబడిన యెడల వెంటనే వైద్యునకును, పై యధికారికిని తెలుపవలెను. పని అట్లే సాగినచో నష్టము స్థిరపడును.

ఇక జాగ్రత్తలు. చేతులకే గాక ఒడలంతటికి వెచ్చని బట్ట కావలెను. ప్రొద్దుటి అంట్లు తోముటకు, బట్టలుతుకుటకు గోరువెచ్చని నీరు వాడవలెను. తెల్లబడినప్పుడు చేతులను చంకలలో నుంచుకొనిన చాలును. నిప్పుసెగకు చూపరాదు. స్పర్శ లేని వ్రేలు కాలినను తెలియదు. పొగత్రాగుట మానవలెను. బాధ హెచ్చైనచో నాళములను సడలించు మందులు కలవు. అవి వైద్యుడు చెప్పినట్లే వాడవలెను.

ఇప్పుడు మా పాఠశాలలో చలిదినములందు మొదటి గంటలో వ్రాతపని పెట్టుట లేదు. మీ బిడ్డ ప్రొద్దుటిపూట వ్రాయలేకున్నచో, మందలించుటకు ముందు ఒకసారి చేతులు పట్టి చూడుడు. మేము ఆనాడు చేయని పని అదియే.