పసివాళ్ల దగ్గర ప్రాంప్టింగ్ చెల్లదు

తెలుగు ముక్క రాని నాయిక చేత అచ్చ తెలుగమ్మాయిలా అలకలు పోయించడం ఫిల్మ్‌నగర్‌కు వెన్నతో పెట్టిన విద్య. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంట్ డైరెక్టర్ డైలాగ్ అందిస్తాడు, ఆమె పెదవులు కలుపుతుంది, ఆనక డబ్బింగ్ థియేటర్లో మరొకరు గొంతు ఇస్తారు. 'ఏ మాయ చేసావే' (2010)లో చెన్నైలో పెరిగిన సమంతకు చిన్మయి గొంతు అతికినట్టు సరిపోయిందంటే దాని వెనక ఇంత యంత్రాంగం ఉంది. పరాయి దేశపు పిల్లలకు సేవ చేస్తామని బయల్దేరే వాలంటీర్లు 'ప్రేమకు భాషెందుకండీ' అంటే, కనీసం జూబ్లీహిల్స్ వాళ్లయినా తిరిగి అడగాలి: మరి మీకు డబ్బింగ్ ఎవరు చెబుతారు?

భాష రాకుండా మేలు చేయలేరని కాదు. మహేశ్‌బాబు అండతో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌లో చిన్నారులకు జరిగే గుండె ఆపరేషన్లలో బ్రిటన్‌కు చెందిన హీలింగ్ లిటిల్ హార్ట్స్ సంస్థ వైద్యులూ పాలుపంచుకున్నారు. మత్తులో ఉన్న బిడ్డకు సర్జన్ భాషతో పనిలేదు. అయితే మత్తుకు ముందూ తర్వాతా సంగతి వేరు. ఎన్ని గంటల నుంచి పాలు పట్టకూడదో తల్లికి అర్థమయ్యేలా చెప్పాలి. బిడ్డ డొక్కలెగరేస్తున్నాడని ఆమె అంటే, ఊపిరాడటం లేదని తక్షణం పట్టుకునే చెవి పక్కనుండాలి. తెలివొచ్చిన నాలుగేళ్లవాడు ఎక్కడ నొప్పో ఇంగ్లిష్‌లో చెప్పడు. ఆ పని తెలుగు నర్సు చేయాల్సిందే. విదేశీ నైపుణ్యం రాణించేది ఆమె ఉన్నచోటే.

ఈ లెక్క బాగా తెలిసింది అనంతపురానికి. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి, 2009లో కన్నుమూసేదాకా ఆ కరవు సీమలోనే ఉండిపోయాడు. ఆయన స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ద్వారా స్పెయిన్ కుటుంబాలు మన పల్లెల పిల్లలకు ఆసరాగా నిలిచాయి. బత్తలపల్లి ఆసుపత్రికి స్పానిష్ వైద్యులు వచ్చి పనిచేశారు. పిల్లలు తెలుగులో రాసిన ఉత్తరాలు స్పెయిన్‌లోని ఆ కుటుంబాలకు చేరాలంటే అనువాదకులు కావాలి, వాళ్లకు జీతాలివ్వాలి. ఆ సంస్థ అనువాదాన్నీ పనిలో భాగంగానే చూసింది. దాతల కళ్లకు ఆనని ఖర్చు ఇదే. విమానం టికెట్టుకు చందాలు ఇట్టే పోగవుతాయి, దుబాసీ జీతానికి మాత్రం జేబులు కదలవు.

ఆటకూ పాటకూ భాష అక్కర్లేదు కదా అంటారు. ఒక పూట ఆటకు నిజంగానే అక్కర్లేదు. అనాథాశ్రమంలో పదిహేను రోజులు ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లిపోవడం ఆట కాదు. చేరువై మాయమయ్యేవాళ్ల వరసలో మరొకరు చేరడమే అది. పైగా కంబోడియాలో అలాంటి ఆశ్రమాల్లోని చాలామంది పిల్లలకు తల్లో తండ్రో బతికే ఉన్నారు. సందర్శకుల డబ్బు కోసం పిల్లల్ని చేర్చుకునే వైనంపై ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019లోనే ఆందోళన వెలిబుచ్చింది. 'మా అమ్మ ఊళ్లోనే ఉంది' అని కంబోడియా భాష ఖ్మేర్‌లో ఒక పిల్ల చెప్పినా, భాష రాని వాలంటీర్ తలూపి నవ్వుతాడు. తప్పు అతడి మనసుది కాకపోవచ్చు, కానీ బయటపడాల్సిన మోసం అక్కడే దాగిపోతుంది.

అలాగని భాష వచ్చేదాకా గడప దాటొద్దనడం అతి. తెలిసిన వృత్తి ఉంటే వెళ్లొచ్చు, స్థానికుల అజమాయిషీలో పనిచేయొచ్చు. పద్దెనిమిదేళ్లకు చేతిలో ఏ వృత్తీ లేనివాళ్లు మాత్రం పిల్లల గదిలోకి కాకుండా స్టోర్‌రూమ్‌కో, లెక్కల పుస్తకాలకో వెళ్లడం మేలు. ఫొటోలు బాగా రావనుకోండి.