ప్రేమోన్మాది అన్న మాట వెనుక

ఒక వ్యక్తి మరొకరికి ఇష్టం లేదని తెలిసి కూడా పదేపదే వెంబడించడం, ఫోన్లు చేయడం, ఇంటి ముందో కాలేజీ గేటు దగ్గరో కాపు కాయడం, సందేశాలతో విసిగించడం వంటి చేష్టలన్నింటినీ కలిపి నేర మనస్తత్వ శాస్త్రం స్టాకింగ్ అంటుంది. తెలుగులో 'వెంటపడటం' అనే మాట ఉన్నా, సినిమా కథానాయకుడు చేసే పనికీ అదే మాట చెల్లుతుండటం వల్ల అందులో నేరం ధ్వనించదు. ఆ వెంటపడటం కత్తిపోటుతో ముగిసిన రోజున మాత్రం పత్రికలు 'ప్రేమోన్మాది' అనే సమాసాన్ని అందుకుంటాయి. న్యాయస్థానాలకూ పోలీసులకూ ఉపకరించే విధంగా నేరప్రవర్తనను పరిశీలించే ఈ శాస్త్రశాఖ గత మూడు దశాబ్దాలలో తేల్చిన విషయాల ముందు ఆ సమాసంలోని ప్రేమా నిలవదు, ఉన్మాదమూ చాలావరకు నిలవదు.

తనను ఫలానా వ్యక్తి రహస్యంగా ప్రేమిస్తున్నారని గట్టిగా నమ్మే భ్రాంతిని ఫ్రెంచి వైద్యుడు క్లెరాంబో 1920ల ప్రారంభంలోనే వివరించినప్పటికీ, వెంటపడటాన్ని విడి నేరంగా గుర్తించిన మొదటి చట్టం 1990లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వచ్చింది. పరిశోధన ఆ తర్వాతే ఊపందుకుంది. ఆస్ట్రేలియాలో పాల్ ములెన్, మిషెల్ పాథే, రోజ్‌మేరీ పర్సెల్ తదితరులు 145 మంది వేధింపుదారులను పరీక్షించి, 1999లో ప్రచురించిన అధ్యయనంలో వారిని రోగలక్షణాలను బట్టి కాక, వెంటపడటానికి గల ఉద్దేశాన్ని బట్టి ఐదు తెగలుగా విభజించారు. తెగిపోయిన సంబంధాన్ని అతికించుకోవాలనీ, అదే సమయంలో పగ తీర్చుకోవాలనీ కోరే తిరస్కృతులు 52 మంది కాగా, లేని ఆత్మీయతను ఊహించుకుని దాని కోసం వెంపర్లాడేవారు 49 మంది. పరిచయం పెంచుకునే పద్ధతి తెలియక, తాను అడిగితే ఎదుటివారు ఒప్పుకోవలసిందేనన్న ధీమాతో వెంటపడేవారు 22 మంది. తమకు అన్యాయం జరిగిందన్న కసితో భయపెట్టేవారు 16 మంది, దాడికి ముందుగా రహస్యంగా మాటువేసేవారు 6గురు. భ్రాంతి రోగులు ఎక్కువగా కనిపించినది రెండవ తెగలోనే. పైగా పరీక్షకు వచ్చినవారంతా మానసిక వైద్యశాలకు పంపబడినవారే కనుక, సమాజం మొత్తంలో ఉన్మాదపు పాలు ఇంకా తక్కువే అయి ఉండాలి. బెదిరింపుల్లో కసి గలవారు ముందున్నా, చెయ్యి చేసుకోవడంలో మాత్రం తిరస్కృతులూ మాటువేసేవారూ ముందున్నారన్నది ఈ అధ్యయనంలో అన్నింటికంటే పనికివచ్చే విషయం. అరిచేవాడే కరుస్తాడన్న లెక్క ఇక్కడ కుదరదు.

ఈ రంగాన్నే జీవితకాలపు వృత్తిగా చేసుకున్న బ్రిటిష్ మనస్తత్వవేత్త లారెయిన్ షెరిడాన్, నేరగాళ్లను మాత్రమే కాక వారిని చూసే జనాన్ని కూడా పరిశీలించారు. ఒకే రకమైన వేధింపును అపరిచితుడు చేస్తే ప్రమాదమనీ, పాత భాగస్వామి చేస్తే వాళ్ల సొంత గొడవనీ జనం భావిస్తారని ఆమె బృందం 2003లో చూపింది. వాస్తవం దీనికి తలకిందులు. 'ప్రేమ వ్యవహారం' అనే రెండు మాటలతో స్టేషన్‌లోనూ వీధిలోనూ ఎన్ని ఫిర్యాదులు తేలిపోతాయో ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ ఫలితం కొత్తగా తోచదు.

భారతదేశంలో 2013 నాటి సవరణతో శిక్షాస్మృతిలో 354-డి సెక్షన్ చేరింది. 2024 జులై 1 నుంచి అదే నేరం భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్ అయింది. స్త్రీ తన అనిష్టాన్ని స్పష్టంగా తెలిపిన తర్వాత కూడా పదేపదే వెంబడించి సంప్రదించినా, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టినా మొదటిసారి 3 సంవత్సరాల వరకు, మరోసారి అయితే 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చు. మొదటిసారికి బెయిలు హక్కుగా లభిస్తుంది. చట్టం ఇది ఎన్నో నేరమని లెక్కిస్తే, శాస్త్రం వేధింపు ఎన్నాళ్లుగా సాగుతోందని అడుగుతుంది. అక్కరలేని పలకరింపులు రెండు వారాలు దాటాయంటే అవి నెలల తరబడి సాగే అవకాశం ఎక్కువని పర్సెల్ బృందం 2004లో ప్రతిపాదించింది.

గుంటూరు నగరంలో 2021 ఆగస్టు 15న పట్టపగలు నడివీధిలో ఒక ఇంజినీరింగ్ విద్యార్థినిని సామాజిక మాధ్యమంలో పరిచయమైన యువకుడు పొడిచి చంపాడు. 2022 ఏప్రిల్ 29న ప్రత్యేక న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది. సీసీ కెమెరాకు చిక్కిన ఆ హత్య రాష్ట్రమంతా చర్చకు వచ్చింది కాని, కెమెరాకు చిక్కేది చివరి అంకమే. నేర మనస్తత్వవేత్తకు కావలసినది అంతకు ముందరి వారాలు, నెలలు.

ఆ నెలలను లెక్కగట్టే పరిశోధన సాధారణంగా కాలేజీ విద్యార్థులతోనో, వైద్యశాలకూ కోర్టుకూ చేరినవారితోనో సాగుతుంది కనుక, మిరప కోతకూ పత్తి తీతకూ వెళ్లే స్త్రీలు దాని కంటికి అంతగా ఆనరు. వేధించేవాడికి ముఖ్యంగా కావలసినది ఎదుటివారి దినచర్య. నగరంలోని విద్యార్థిని బస్సు మార్చుకోగలదు, ఫోన్ నంబరు మార్చుకోగలదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కూలి ముఠాతో వెళ్లే స్త్రీ ఏ ఆటోలో, ఏ వేళకు, ఎవరి చేలోకి వెళుతుందో ఊరంతటికీ ముందురోజే తెలిసిపోతుంది. కోతల కాలంలో పొరుగు జిల్లాల నుంచి వలస వచ్చి చేలగట్టున గుడిసె వేసుకున్న స్త్రీకి తలుపు కూడా ఉండదు.