మోటారు వేగానికి సన్నని సవరణ

వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్‌లో స్పీడ్ ట్రిమ్ అంటే, మోటారుకు ముందే నిర్ణయించిన వేగానికి కలిపే, లేదా అందులోంచి తగ్గించే కొద్దిపాటి సవరణ. అసలు వేగాన్ని చెప్పేది రిఫరెన్స్ సంకేతం. ట్రిమ్ దాన్ని కాస్త అటూ ఇటూ జరుపుతుంది.

ఇండక్షన్ మోటారు వేగం దానికి అందే కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది, డ్రైవ్ మార్చేది ఆ ఫ్రీక్వెన్సీనే. నాలుగు పోళ్ల మోటారుకు 50 హెర్ట్జ్ ఇస్తే అందులోని అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. పూర్తి లోడు మీద షాఫ్ట్ మాత్రం 1440 దగ్గర్లో ఉంటుంది. ఈ వెనకబాటునే స్లిప్ అంటారు. లోడుతో పాటు స్లిప్ కూడా మారుతుంది కాబట్టి, ఒకే రకం మోటార్లు రెండింటికి ఒకే ఫ్రీక్వెన్సీ ఇచ్చినా వాటి వేగాలు అచ్చంగా కలవవు.

విడిగా నడిచే పంపుకు ఆ తేడా పట్టదు. కాగితపు మిల్లులో దాంతోనే పని చెడుతుంది. ప్రెస్ విభాగం దాటిన తడి కాగితం సాగుతుంది. దాన్ని అందుకునే డ్రయ్యర్లు ఒక పిసరు వేగంగా తిరిగితేనే బిగువు నిలుస్తుంది. వేగం ఎక్కువైతే కాగితం తెగుతుంది, తక్కువైతే వేలాడి ముడతలు పడుతుంది. ఆరేకొద్దీ కాగితం కుంచించుకుపోతుంది గనుక తర్వాతి విభాగాల్లో లెక్క మళ్లీ మారుతుంది. యంత్రమంతటికీ రిఫరెన్స్ ఒకటే అయినా, ఏ విభాగానికి కావలసిన తేడాను ఆ విభాగపు ట్రిమ్ ఇస్తుంది.

సెట్ చేసేవారు ముందుగా తేల్చుకోవలసింది ట్రిమ్ శాతం దేనిలో శాతమన్నది. గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, ట్రిమ్ 2 శాతం అనుకుందాం. గరిష్ఠంలో శాతంగా లెక్కిస్తే ట్రిమ్ ఎప్పుడూ 1 హెర్ట్జే. 40 హెర్ట్జ్ మీద అది స్వల్పం. యంత్రాన్ని 10 హెర్ట్జ్ మీద నెమ్మదిగా నడిపేటప్పుడు అదే 1 హెర్ట్జ్ పదో వంతవుతుంది, కాగితం తెగి తీరుతుంది. నడుస్తున్న రిఫరెన్స్‌లో శాతంగా లెక్కిస్తే 40 మీద 0.8, 10 మీద 0.2 హెర్ట్జ్ చొప్పున కలుస్తుంది, నిష్పత్తి చెదరదు. కాగితం, బట్ట, ప్లాస్టిక్ ఫిల్మ్ లాంటి వాటికి ఈ రెండో పద్ధతే తగినది.

ట్రిమ్ జోలికి వెళ్లేముందు రిఫరెన్స్ సరిచూడాలి. అది 4–20 మిల్లీ ఆంపియర్ల సంకేతమైతే 4 దగ్గర కనిష్ఠ వేగం, 20 దగ్గర గరిష్ఠ వేగం రావాలి. రిఫరెన్స్ సున్నా వేగం చూపినా మోటారు మెల్లగా కదులుతుంటే అది బయాస్ (సున్నా దగ్గరి సర్దుబాటు) లోపం, ట్రిమ్‌తో కప్పిపుచ్చకూడదు. తర్వాత ట్రిమ్‌ను సున్నాలో ఉంచి, మామూలు లోడు మీద నడుపుతూ రోలర్ వేగాన్ని టాకోమీటరుతో కొలవాలి. డ్రైవ్ తెర మీద కనిపించే ఫ్రీక్వెన్సీ షాఫ్ట్ వేగం కాదు. ట్రిమ్ పరిధిని ఇరుకుగా పెడితే ట్రిమ్ నాబ్‌ను ఎంత తిప్పినా వేగం కొద్దిగానే మారుతుంది, చెయ్యి నిలకడగా పనిచేస్తుంది. రిఫరెన్స్ గరిష్ఠ హద్దును తాకి ఉంటే పైకి ట్రిమ్ చేసినా ఫలితం ఉండదు కాబట్టి కొంత వెసులుబాటు మిగల్చాలి.

కాగితం బిగువును బట్టి పైకీ కిందికీ కదిలే డాన్సర్ రోలర్ ఇచ్చే సంకేతంతో, డ్రైవ్‌లోని పీఐడీ అనే స్వయం నియంత్రణ తనంతట తానే ట్రిమ్ చేసే ఏర్పాటూ ఉంది. కాగితం తెగితే డాన్సర్ ఒక్కసారిగా పడిపోతుంది, పీఐడీ వేగాన్ని చివరికంటా నెట్టబోతుంది. దాని అవుట్‌పుట్‌కు హద్దు పెట్టడం అందుకే తప్పనిసరి.

ఒకసారి కుదిరిన ట్రిమ్‌ను రోజురోజుకీ పెంచాల్సి వస్తుంటే బెల్టు జారుతోందో, రోలర్ అరిగిందో చూడాలి. డ్రైవ్ మూత తెరవాల్సి వస్తే జాగ్రత్త, సరఫరా ఆపాక కూడా కొంతసేపు లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. తయారీదారు చెప్పిన వ్యవధి ఆగి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.