శబరిపై సాహస విహారం: కొంటాలో తెప్ప దింపే ముందు తెలుసుకోవలసినవి

కొంటా (ఛత్తీస్‌గఢ్): విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దాటగానే వచ్చే పట్టణం కొంటా. ఒక ఒడ్డున బస్తర్ ప్రాంతం, ఆవలి వైపు ఒడిశాలోని మోటు, దిగువన చింతూరు మన్యం. సీలేరు నది శబరిలో కలిసేది ఇక్కడే. చిత్రకోట్, తీర్థగఢ్ జలపాతాలను చూడబోయే తెలుగు పర్యాటకులలో ఎక్కువమందికి ఇది దారిలో వచ్చే ఊరు మాత్రమే. ఎగువ బస్తర్‌లో సాహస పర్యాటకం వేళ్లూనుకుంటున్న వేళ ఇంతటి నది పక్కనున్న కొంటాకు ఆ అవకాశం ఎందుకు దక్కకూడదన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

ఇందుకు పోలికగా చెప్పుకోదగిన ఊరు ధుడ్మారాస్. 1982లో ఏర్పాటైన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం పరిధిలోని ఈ ఆదివాసీ గ్రామంలో స్థానిక యువకులే కాంగేర్ నదిపై కయాకింగ్, వెదురు తెప్పల విహారం నిర్వహిస్తున్నారు. అతిథులకు ఇళ్లలోనే బస, స్థానిక భోజనం లభిస్తాయి. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి 2024లో ఎంపిక చేసిన 20 గ్రామాలలో ఇదొకటి. కాంగేర్ నీరు కొలాబ్‌లో కలుస్తుంది. ఒడిశాలో కొలాబ్ అనే నదినే దిగువన శబరి అంటారు. అంటే ధుడ్మారాస్ తెప్పలను మోసిన నీరే కొంటా మీదుగా సాగి, కూనవరం వద్ద గోదావరిని చేరుతుంది.

అయినా అక్కడి నమూనాను యథాతథంగా ఇక్కడికి తేవడం కుదరదు. నీరు ఒకటే గానీ, నది స్వభావం వేరు.

వానలేని వరద

కాంగేర్ చిన్న నది. శబరి అలా కాదు. తూర్పు కనుమలలో పుట్టి, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మధ్య సుమారు 200 కిలోమీటర్ల మేర సరిహద్దుగా వేగంగా వాలు దిగి వచ్చే ఈ నది కొంటా సమీపంలో నెమ్మదిస్తుంది. గోదావరి ఉప్పొంగినప్పుడు శబరి నీటికి కూనవరం వద్ద దారి దొరకదు. అది వెనక్కి మళ్లి ఊళ్ల మీదికి వస్తుంది. గోదావరి తీరవాసులు దీన్నే ఎగపోటు అంటారు. కొంటాలో చినుకు పడకపోయినా నది పెరగవచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు కొంటా కూడా ముంపు పాలైంది. భద్రాచలంలో మూడవ ప్రమాద హెచ్చరికను 53 అడుగుల వద్దనే జారీ చేస్తారన్నది గమనిస్తే ఆ వరద తీవ్రత అర్థమవుతుంది.

ఎండాకాలంలో మరో చిక్కు ఉంది. సీలేరుపై జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. రబీలో గోదావరి డెల్టాకు నీరు చాలనప్పుడు అక్కడి నుంచి విడుదల చేసే నీరు ఈ దారినే ధవళేశ్వరం చేరుతుంది. కాబట్టి సంగమానికి దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ప్రవాహం మారవచ్చు. ఇక్కడ తెప్ప నడపదలచిన వారు ఆకాశం కన్నా ముందుగా భద్రాచలం నీటిమట్టాన్ని, సీలేరు విడుదల సమాచారాన్ని చూడాలి. ఆ రెండు సమాచారాలూ రెండు వేర్వేరు రాష్ట్రాల నుంచి, కొంటా ఉన్న మూడవ రాష్ట్రానికి, సకాలంలో అందాలి. పడవలు కొనడం కన్నా కష్టమైన పని ఇదే.

నిర్లక్ష్యానికి మూల్యమేమిటో తెలుగు ప్రజలకు కొత్తగా చెప్పనక్కరలేదు. కూనవరానికి దిగువన, పాపికొండల మార్గంలోని కచ్చులూరు వద్ద 2019 సెప్టెంబరు 15న 77 మందితో వెళ్తున్న పర్యాటక బోటు వరద ఉద్ధృతిలో మునిగిపోయింది. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారు. వారిని కాపాడేందుకు ముందుగా నాటు పడవలపై చేరుకున్నది సమీప గ్రామస్థులే. నదిని ఎరిగినవారి విలువ ఆ రోజున తెలిసింది. విహారయాత్రల నిర్వహణలో మాత్రం వారికి సాధారణంగా దక్కేది కూలి పని.

అడవి మాటేమిటి?

నది సంగతి అలా ఉంటే, అడవిలో కాలినడక యాత్రలకు ఉన్న అడ్డంకి మరింత కఠినమైనది. రెండు దశాబ్దాలుగా ఈ ప్రాంతం మావోయిస్టులకు, భద్రతా బలగాలకు మధ్య పోరుకు కేంద్రంగా ఉంది. 2005లో సల్వాజుడుం మొదలైన తరువాత ఎన్నో కుటుంబాలు ఊళ్లు వదిలి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవులకు తరలిపోయాయి. హింస తగ్గుముఖం పట్టినా, నేలలో పాతిన మందుపాతరలకు ఆ సంగతి తెలియదు. 2025 జూన్ 9న కొంటా సమీపంలో జరిగిన పేలుడులో అదనపు ఎస్పీ స్థాయి అధికారి ఒకరు మరణించారు. తనిఖీ చేసి సురక్షితమని ప్రకటించిన బాటలు లేనంతవరకు ఇక్కడ ట్రెక్కింగ్ గురించి మాట్లాడటం తొందరపాటే. పైగా ఆ బాటలు మొదట కావలసింది పర్యాటకులకు కాదు, ఇప్పపువ్వు, తునికాకు ఏరుకునేవారికి.

భాష కూడా ఇక్కడ భద్రతకు సంబంధించిన అంశమే. కొంటాలో హిందీ, తెలుగు, కోయకు దగ్గరైన దోర్లీ వినిపిస్తాయి. ఆవలి ఒడ్డున ఒడియా. ప్రమాద హెచ్చరిక బోర్డు ఒక్క హిందీలోనే ఉంటే, భద్రాచలం వైపు నుంచి వచ్చే యాత్రికుడికి గానీ, ఒడ్డున చేపలు పట్టే వృద్ధుడికి గానీ అది ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది సందేహమే.

ఇన్ని ఏర్పాట్లు జరిగినా నది ఇలాగే ఉంటుందా అన్నది మరో ప్రశ్న. పోలవరం జలాశయపు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. వెనుక జలాల ప్రభావం శబరి, సీలేరుల వెంట ఎంత దూరం ఉంటుందన్న దానిపై ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. ముంపు నివారణకు కరకట్టలు కట్టాలన్న ప్రతిపాదన కూడా ఎంతోకాలంగా ఉంది. జలాశయం నిండితే దాని ప్రభావం సోకిన మేర ప్రవాహం నెమ్మదించి, తెప్పల పరుగుకు బదులు లాంచీ విహారానికి అనువైన నిలకడ నీరు మిగులుతుంది. కొంటా ఒడ్డున పడవల రేవు ఎక్కడ కట్టాలన్నది కూడా ఆ నీటి గీత తేలిన తరువాతే నిర్ణయించగలరు.