గది రైతుది.. వంట వచ్చినోళ్లది!

వేసవి సెలవులిస్తే పట్నంలో ఉన్న మనవళ్లు పల్లెకొస్తారు. దూడ వెంట పరుగెత్తుతారు, బోరు కింద తడుస్తారు, తాటిముంజలు తిని వెళ్తారు. ఈ సంబరానికి మనం ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోం. ఇంగ్లండు, వేల్సు పల్లెల్లో మాత్రం రైతులు తీసుకుంటారు. మనవళ్ల దగ్గర కాదు లెండి, ముక్కూమొహం తెలియని పట్నం కుటుంబాల దగ్గర. వాళ్లు పిల్లాజెల్లాతో వచ్చి, వారానికింతని అద్దె కట్టి, పొలంలోని ఇంట్లో దిగి, తమ వంట తామే వండుకుని తింటారు.

'ఇంటికొచ్చిన మనిషికి ముద్ద పెట్టి డబ్బులు పుచ్చుకోవడమా?' అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ పద్ధతిలో ఆ మొహమాటం అక్కర్లేదు. ఇదేమీ పూటకూళ్ల ఇల్లు కాదు. రైతు ఇచ్చేది గది, పొయ్యి, గిన్నెలు. బియ్యం, ఉప్పు, పప్పు అన్నీ వచ్చినవాళ్లవే.

పాలకు కోటా పెట్టాక..

బ్రిటన్ రైతులు దీన్ని సరదాకి పట్టుకోలేదు. 1984లో ఐరోపా దేశాలు పాలకు కోటా పెట్టాయి. లెక్కకు మించి పాలు పోస్తే జరిమానా. దొడ్లో ఆవులున్నాయి, బయట పచ్చిక ఉంది, పాలు పెంచే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ కోటాను 2015లో గానీ ఎత్తెయ్యలేదు. మరోపక్క ట్రాక్టర్లు, కోత యంత్రాలు పెద్దవైపోయి పాత రాతి గాదెల్లో, గుర్రపు సాలల్లో పట్టడం మానేశాయి. గోడలు గట్టివే, పనే లేదు. వాటికి కిటికీలు పెట్టి, నీళ్లు, కరెంటు లాగి, వంటగది కట్టి అద్దెకివ్వడం మొదలెట్టారు. అతిథులకు బస ఇచ్చే రైతులు 1983లోనే ఒక సంఘంగా కూడారు. అది ఇప్పుడు ఫార్మ్ స్టే యూకే పేరుతో నడుస్తోంది.

అంతకుముందు నుంచీ అక్కడ ఇంకో అలవాటుంది. ఇంట్లోనే ఒక గది ఇచ్చి, పొద్దున్నే ఫలహారం పెట్టి పంపడం. డబ్బులు బాగానే వస్తాయి గానీ పాడి ఉన్న ఇంట్లో ఇది గుదిబండ. పొద్దున్నే పాలు పితకాలి, దూడలకు పట్టాలి. అదే వేళకు అతిథి బల్ల దగ్గర కూర్చుంటాడు. ఆ రెండు పనులూ పడేది చాలాసార్లు ఇల్లాలి మీదే. సొంతవంట పద్ధతిలో ఆ పొద్దుటి పని తప్పుతుంది. దానికి బదులు వారంలో ఒక రోజు నడుం విరుగుతుంది.

శనివారం పని

ఆ రోజు మామూలుగా శనివారం. పాతవాళ్లు పొద్దున పదింటికల్లా ఖాళీ చేస్తారు, కొత్తవాళ్లు సాయంత్రం నాలుగింటికి దిగుతారు. మధ్యలో ఉండేది ఆరు గంటలు. దుప్పట్లు మార్చాలి, పొయ్యి తోమాలి, ఫ్రిజ్జులో మిగిలినవి తీసేయాలి, స్నానాలగది కడగాలి, చెంచాలతో సహా లెక్క చూసుకోవాలి. రెండు మూడు ఇళ్లు అద్దెకిచ్చేవాళ్లయితే ఊళ్లోంచి కూలికి మనిషిని పెట్టుకోక తప్పదు. అద్దెలో కొంత ఆ కూలికి, కొంత కరెంటుకి, కొంత రంగులకి, మరమ్మతులకి పోతుంది. పైకి కనపడే అద్దె అంతా లాభం అనుకుంటే మన కోళ్లఫారం లెక్కలాగే తప్పుతుంది.

గిరాకీ కూడా ఏడాది పొడుగునా ఉండదు. అక్కడి బడులకు ఎండాకాలం సెలవులు జులై చివర్నుంచి ఆరు వారాలు. అద్దె బాగా పలికేది అప్పుడే. ఈస్టర్ రోజుల్లో గొర్రెలు ఈనుతాయి గనుక పిల్లలున్న కుటుంబాలు అప్పుడూ వస్తాయి. చలికాలంలో చాలా ఇళ్లు తాళం వేసే ఉంటాయి.

వచ్చినవాళ్లకు ఏం కావాలంటారా? గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టడం, గంపలోంచి గుడ్లు ఏరడం, ఆవులు పాలశాలకు వరసగా నడిచెళ్తుంటే గేటెక్కి చూడటం. మనకు రోజూ ఉండే పనే వాళ్ల పిల్లలకు పండగ. అయిదుగురున్న కుటుంబం హోటల్లో దిగి మూడు పూటలా బయట తినాలంటే తడిసి మోపెడవుతుంది, ఇక్కడ సొంత వంట. రైతు తన గుడ్లు, ఆలుగడ్డలు గేటు దగ్గర పెడితే అవీ అమ్ముడుపోతాయి.

అందుకే అది పని నడిచే పొలమై ఉండాలి. ఇటలీ ఈ సంగతిని చట్టంలోనే రాసుకుంది. 1985లో ఒక చట్టం, దాని స్థానంలో 2006లో మరొకటి తెచ్చింది. అతిథులకు బస ఇవ్వొచ్చు గానీ సేద్యమే ప్రధానంగా ఉండాలని షరతు. సేద్యం మానేసి గదులే నడిపితే అది లాడ్జీ అవుతుంది.

గాలికుంటు దెబ్బ

ఇప్పుడు అసలు జాగ్రత్త. 2001 ఫిబ్రవరిలో బ్రిటన్ పశువులకు గాలికుంటు వ్యాధి తగిలింది. నోట్లో పుళ్లు, గిట్టల మధ్య పుళ్లు పడే ఆ వ్యాధే. అక్కడ టీకాల జోలికి పోకుండా పశువుల్ని చంపించారు. గొర్రెలు, ఆవులు, పందులు కలిసి 60 లక్షలకు పైనే. వ్యాధి పాకకుండా పల్లెల్లో కాలిబాటలు మూసేశారు. మేలో జరగాల్సిన పార్లమెంటు ఎన్నికలు జూన్ 7కి జరిపారు. తమ మందలో ఒక్క పశువుకూ జబ్బు లేని రైతుల ఇళ్లకు కూడా జనం రాలేదు. మందకు నష్టం వస్తే గదుల అద్దె ఆదుకుంటుందని అనుకున్నారు. తీరా చూస్తే రెండు ఆదాయాలూ ఒకే దూలానికి వేలాడుతున్నాయి. మన దగ్గర 2019 నుంచి జాతీయ పథకం కింద ఆరు నెలలకోసారి గాలికుంటు టీకా ఉచితంగా వేస్తున్నారు. బయటి మనుషులు దొడ్లోకి వచ్చే ఇంట్లో అది అసలు తప్పకూడదు.

పిల్లల సంగతి ఇంకా ముఖ్యం. 2009లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో పశువుల్ని చూడ్డానికి వెళ్లిన చోట పేడలో ఉండే ఈకోలై క్రిమి సోకి 93 మంది జబ్బుపడ్డారు. ఎక్కువమంది పదేళ్లలోపు పిల్లలే. పశువును తాకిన చెయ్యి సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. సీసాలో వచ్చే జెల్ రాసుకుంటే చాలదు. ఈనే గొర్రెల దగ్గరికి గర్భిణుల్ని వెళ్లనివ్వకూడదని అక్కడి వైద్యులు చెబుతారు. మన పొలాల్లో అయితే ఒరలేని బావి, మూతలేని స్టార్టరు పెట్టె, చావిడి చూరులో దోపిన పురుగుమందు డబ్బా. మన పిల్లలకు వాటి సంగతి తెలుసు. పట్నం పిల్లలకు తెలియదు.

మన ఎకరాల్లో కుదురుతుందా?

ఇంగ్లండులో సగటు కమతం 200 ఎకరాలకు పైనే. 2015-16 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ సగటు 0.94 హెక్టారు, తెలంగాణ సగటు ఒక హెక్టారు. అంటే రెండున్నర ఎకరాలు. వాళ్లకు పాత గాదె ఊరికే ఉంది, మనకు కొత్తగా కట్టాలి. తేడా అక్కడే. మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికి విధానం తెచ్చింది. అక్కడా చాలాచోట్ల రైతు ఇంట్లో వండి వడ్డించే పద్ధతే నడుస్తోంది.

అప్పు తెచ్చి గదులు కట్టొద్దని నా మాట. ప్రభుత్వాల రాయితీలు చూసి దిగడమూ మంచిది కాదు. సెలవు ఇళ్లకు ఉన్న ప్రత్యేక పన్ను వెసులుబాట్లను బ్రిటన్ 2025 ఏప్రిల్‌లో తీసేసింది. కొడుకు పట్నం పోయి ఖాళీ పడ్డ పెంకుటిల్లు ఉండి, మీ ఊరు అరకు, లంబసింగి లాంటి జనం తిరిగే దారిలో ఉంటే ఆలోచించొచ్చు. దారికి దూరంగా ఉన్న మెట్ట ఊళ్లలో దీనికోసం రూపాయి కూడా పెట్టొద్దు.

బోర్డు రాయించే ముందు ఒక పని చెయ్యండి. ఇంటిల్లిపాదీ ఆ ఖాళీ ఇంట్లో రెండు రాత్రులు పడుకోండి. అక్కడే వండుకోండి. గ్యాసుపొయ్యి దగ్గర వెలుతురు చాలుతుందా, అర్ధరాత్రి టార్చి లేకుండా మరుగుదొడ్డికి వెళ్లగలరా, కరెంటు పోతే కుళాయి వస్తుందా, దోమలు ఎట్లున్నయ్, అంట్లు కడిగిన నీళ్లు ఎటు పోతున్నయ్.. అన్నీ కాగితమ్మీద రాసుకోండి. ఆ పట్టీ ఇల్లాలితో చదివించి, వాటిలో డబ్బు లేకుండా సరిచేసేవి ఎన్నో మొదట చూడండి.