కబడ్డీలో కార్నర్ రక్షణ: పట్టుకు ముందున్న కాపలా

హైటెక్ సిటీకి సమీపంలోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో తెలుగు టైటాన్స్ ఆడేటప్పుడు, రైడర్ చీలమండను కార్నర్ ఒడిసిపట్టిన క్షణానికే చప్పట్లు ఎక్కువ. గణాంకాలూ ఆ పట్టునే లెక్కిస్తాయి. 2018లో టైటాన్స్‌కు నాయకత్వం వహించిన విశాల్ భరద్వాజ్ ఎడమ కార్నర్‌గా ఈ పట్టుకే పేరొందాడు. అయితే కార్నర్ బాధ్యత పట్టుతో మొదలు కాదు.

పురుషుల కోర్టులో మధ్యగీతకు 4.75 మీటర్ల దూరంలో బోనస్ గీత ఉంటుంది. ఎదుట కనీసం ఆరుగురు రక్షకులున్నప్పుడు, రైడర్ ఒక పాదాన్ని ఆ గీత దాటించి, రెండో పాదాన్ని గాలిలో ఉంచగలిగితే ఎవరినీ తాకకుండానే పాయింటు వస్తుంది. ఆ దారికి కాపలా కార్నరే. తొందరపడి దూకి పట్టు తప్పితే రైడర్‌కు పాయింటు దక్కుతుంది, కార్నర్ బయటికి వెళ్తాడు, మూల బలహీనపడుతుంది. అతడు తిరిగి రావాలంటే తన జట్టు ప్రత్యర్థిని ఔట్ చేయాలి. బోనస్ పాయింటు ఎవరినీ వెనక్కి రప్పించదు.

నిబ్బరంగా మూలను కాసి బోనస్ ఇవ్వని కార్నర్ ఖాతాలో అంకె ఏదీ చేరదు. కానీ వరుసగా రెండు రైడ్లు ఖాళీగా ముగిస్తే మూడవది 'డూ ఆర్ డై'. అప్పుడు రైడర్ సాహసించి లోపలికి రాక తప్పదు. పట్టుకు అవకాశం అక్కడే పుడుతుంది.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఎడ్జ్ రషర్‌దీ ఇదే స్థితి. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం కీర్తి తెస్తుంది. అయితే బంతితో పరుగెత్తేవాణ్ణి మొదటి రెండు ప్రయత్నాల్లో అంచున నిలువరిస్తేనే, మూడోసారి ప్రత్యర్థి దూరపు పాస్‌కు దిగవలసివస్తుంది.