బీటిలో పూచిన రాష్ట్ర పుష్పము

తంగేడును ఎరుగని శ్రోతలు మనలో అరుదు. ఊరి పొలిమేర దాటగనే దున్నని బీళ్లలోను, రాతిగట్టుల ప్రక్కలను నిలువెత్తు పొదలుగా పెరుగును. ఎవరును విత్తరు, నీరు పోయరు. పశువులు సాధారణముగా ముట్టవు. అట్టి మొక్క పూవును తెలంగాణ 2014 నవంబరులో తన రాష్ట్ర పుష్పముగా ప్రకటించినది.

ఒక సీమకు గుర్తుగా తోటపూవును ఎంచుట సులభము. ఆంధ్రప్రదేశము 2018లో మల్లెను ఎంచినది. ఆ పరిమళమునకు వంక పెట్టువారెవరు? అయినను మల్లె ఏ ఊరి కుండీలోనైనను పూచును. అడవిపూవు తన నేలను చెప్పును. హిమాలయపు ఎత్తులలో పూచు బ్రహ్మకమలము ఉత్తరాఖండమునకు గుర్తు. కేరళీయుల కొన్నపూవు మన రేలపూవే; తంగేటికి దగ్గరి చుట్టము.

తంగేటి పూవున ఐదు పసుపు రేకులు, పది కేసరములు కలవు. తేనె మాత్రము లేదు. పుప్పొడి కేసరముల కొనలందలి సన్నని రంధ్రములలో దాగియుండును. పెద్ద నల్లతుమ్మెద పూవును పట్టుకొని ఝుమ్మని మ్రోయగా, ఆ అదురునకు పొడి రాలును. ధ్వనినే నమ్ముకొనిన మాకు ఈ సంగతి మిక్కిలి ప్రీతికరము. శాస్త్రనామములోని 'ఆరిక్యులేటా' అను మాటకు 'చెవులు గలది' అని అర్థమట! ఆకుకాడ మొదట చెవుల వలె నుండు చిన్న రెక్కలను బట్టి ఆ పేరు వచ్చినది.

తంగేడుచెక్క దక్షిణ దేశమున తోళ్లు పదును చేయుటకు చిరకాలము ఆధారమైనది.

ఇక బతుకమ్మ. మహాలయ అమావాస్య మొదలు తొమ్మిది దినములు స్త్రీలు తాంబాళమున గుమ్మడి ఆకులు పరచి, గునుగు, తంగేడు, బంతి వరుసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుదురు. ఈ పూవును తమదనుకొనుటకు వారు ప్రభుత్వపు ఉత్తరువు కొరకు వేచియుండలేదు.

చిక్కు వేరొకచోట నున్నది. తంగేడు పెరుగు బీటిని పనికిరాని భూమి యందురు. ఇండ్లస్థలములకు, రహదారులకు మొదట పోవునది అదియే. పూవునకు వచ్చిన బిరుదు బీటిని కాపాడదు. హైదరాబాదులో పండుగనాడు తంగేడును అంగడిలో కొనవలసి వచ్చుచున్నది. ఒడి నింపుకొని తెచ్చుకొను పూవునకు బేరమాడుట చూచి మేము నొచ్చుకొంటిమి.

కొమ్మలు విరిచి పూవులన్నిటిని కోసికొనిన పొదకు కాయలుండవు. కొన్ని విడిచినచో, తరువాత పలుచని కాయలు గోధుమవన్నెకు ఎండును. గింజ పెంకు గట్టిది. వేడినీట నానవేసి విత్తిన త్వరగా మొలచును. పెరటిలో ఎండ తగులు మూల యొకటి చాలును.